ఆరిజిన్ సర్టిఫికెట్ లెక్క: మిర్యాలగూడ బియ్యం నుంచి చౌటుప్పల్ మందుల దాకా

కొన్నేళ్లుగా మన దేశం వరసపెట్టి వాణిజ్య ఒప్పందాలు చేసుకుంటోంది. యూఏఈతో కుదిరింది 2022 మే 1 నుంచి, ఆస్ట్రేలియాతో కుదిరింది అదే ఏడాది డిసెంబరు 29 నుంచి అమల్లో ఉన్నాయి. స్విట్జర్లాండ్, నార్వే, ఐస్‌లాండ్, లిక్టెన్‌స్టైన్ కలిసిన ఎఫ్టా కూటమితో ఒప్పందం 2025 అక్టోబరు 1న మొదలైంది. బ్రిటన్‌తో 2025 జులై 24న సంతకాలయ్యాయి. ప్రతిసారీ పేపర్లో ఒకటే హెడ్డింగ్: సుంకాలు సున్నా. అది చదివిన మిర్యాలగూడ మిల్లర్‌కీ, పోచంపల్లి మాస్టర్ వీవర్‌కీ, వనపర్తి పల్లీ వ్యాపారికీ ఒకటే డౌటు: మరి మన సరుకుకి ఆ సున్నా ఎప్పుడు పడుతుంది?

దానంతటది పడదు. ఈ సరుకు భారతదేశంలో పుట్టిందేనని, ఆ ఒప్పందంలో రాసుకున్న పద్ధతిలోనే రుజువు చేయాలి. ఆ రుజువుకే సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ అని పేరు. వాడుకలో సీఓఓ అంటారు. మన ఊళ్లో తయారైన సరుకు మనది కాకుండా ఎక్కడికి పోతుందని చాలామంది అనుకుంటారు. నూటికి నూరు శాతం ఇక్కడే తయారై కూడా, లెక్కలో "మనది కాదు" అని తేలే సరుకులు ఉన్నాయి. చైనా దారంతో నేసినా "మనదే" అని తేలే సరుకులూ ఉన్నాయి. చిక్కంతా అక్కడే ఉంది కాబట్టి మొదటి నుంచి వద్దాం.

ఒకే పేరుతో రెండు కాగితాలు

సీఓఓలు రెండు రకాలు. ఒకటి ప్రిఫరెన్షియల్, అంటే ఒప్పందం కింద సుంకం తగ్గింపు తెచ్చిపెట్టేది. రెండోది నాన్-ప్రిఫరెన్షియల్. ఇది సరుకు ఏ దేశానిదో చెబుతుంది, సుంకం మాత్రం పైసా తగ్గించదు. కొనే దేశంలో బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ పత్రానికి (ఎల్సీకి), కోటాలకి, మరీ చవగ్గా వచ్చి పడే సరుకుపై వేసే యాంటీ డంపింగ్ సుంకాలకి, కొన్నిచోట్ల కస్టమ్స్ క్లియరెన్స్‌కి దీన్ని అడుగుతారు. చాంబర్ ఆఫ్ కామర్స్ లాంటి సంస్థలు ఇస్తాయి. 2025 జనవరి 1 నుంచి దీనికి కూడా విదేశీ వాణిజ్య డైరెక్టరేట్, అంటే డీజీఎఫ్‌టీ పోర్టల్‌లోనే దరఖాస్తు పెట్టాలి.

చాంబర్ నుంచి సీఓఓ తెచ్చి పంపాను, అయినా అక్కడ సుంకం పూర్తిగా ఎందుకు వేశారని అడిగేవాళ్లు ఉంటారు. తెచ్చింది రెండో రకం, కావాల్సింది మొదటి రకం.

అమెరికాతో మనకి స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం లేదు. ఎదుగుతున్న దేశాలకి ఒప్పందం లేకుండానే ఇచ్చే జీఎస్పీ కింద ఆ దేశం మనకిచ్చిన సుంకం రాయితీ కూడా 2019 జూన్ 5తో పోయింది. అయినా అక్కడికి వెళ్లే సరుకుకి మూలం పెద్ద విషయమే. 2025 ఆగస్టు 27న మన చాలా సరుకులపై అదనపు సుంకం 50 శాతానికి చేరినప్పుడు, దాన్నుంచి తప్పించుకోవడానికి వేరే దేశం మీదుగా పంపితే ఏమవుతుందన్న ప్రశ్న చాలామందికి వచ్చింది. దారి మళ్లించి తెచ్చిన సరుకుపై 40 శాతం సుంకం వేస్తామని అమెరికా అంతకు ముందే ప్రకటించింది. సరుకు ఏ ఓడరేవులో ఓడ మారినా, పుట్టింది ఎక్కడన్నదే వాళ్లు చూస్తారు.

మిగిలిన సుంకం ఎవరి జేబులోకి?

ఇది ముందే తేల్చుకోవాలి. దిగుమతి సుంకం కట్టేది కొనేవాడు. తగ్గితే మొదట లాభపడేదీ అతనే. సీఓఓ తెచ్చే శ్రమ, లెక్కలు చూపించే బాధ్యత, రేపు తేడా వస్తే జవాబు చెప్పే తలనొప్పి మాత్రం అమ్మేవాడివి.

ఊహకి ఒక లెక్క వేద్దాం. వనపర్తి నుంచి ఒక వ్యాపారి ₹25 లక్షల పల్లీలు పంపాడు. కొనే దేశంలో మామూలు సుంకం 5 శాతం, ఒప్పందం కింద సున్నా అనుకుందాం. సీఓఓ ఉంటే కొనేవాడికి ₹1.25 లక్షలు మిగులుతాయి. అందులో మన వ్యాపారికి ఎంత వస్తుందన్నది బేరాన్ని బట్టి ఉంటుంది. కిలోకి రూపాయో అర్ధ రూపాయో ఎక్కువ రాబట్టగలిగితే వచ్చినట్టు. లేకపోతే ఆర్డర్ చేజారకుండా నిలబడటమే లాభం. అదే సీఓఓ అందకపోతే, లేదా తప్పుగా ఉంటే, ఆ ₹1.25 లక్షలు పేమెంట్‌లో కోతపడటం ఖాయం. లాభంలో వాటా బేరానికి వదిలేస్తారు, నష్టం మాత్రం ముందే ఆర్డర్‌లో రాసి ఉంటుంది.

కొన్నిసార్లు అసలు సీఓఓ అవసరమే ఉండదు. సింగపూర్ సంగతే తీసుకోండి. మద్యం, పొగాకు, వాహనాలు, పెట్రోలు లాంటి కొన్నిటిపై తప్ప అక్కడ దిగుమతి సుంకమే లేదు. పట్టు చున్నీ పంపేవాడు ఫారం ఏఐ కోసం, అంటే ఆగ్నేయాసియా దేశాల ఆసియాన్ కూటమితో మనకున్న ఒప్పందం కింద ఇచ్చే సీఓఓ కోసం, నాలుగు రోజులు తిరిగినా అక్కడ తగ్గడానికి ఏమీ లేదు. ఇంకో పక్క, ఒప్పందం ఉన్నా మన సరుకు ఆ దేశం రాయితీ జాబితాలో లేకపోవచ్చు. బియ్యం లాంటి తిండిగింజల్ని చాలా దేశాలు "సున్నితమైన సరుకు" అని పక్కన పెట్టుకుంటాయి. 2025 మార్చి చివర్లో తెలంగాణ ప్రభుత్వం కాకినాడ రేవు నుంచి ఫిలిప్పీన్స్‌కి 12,500 టన్నుల బియ్యం పంపినప్పుడు, ఆసియాన్ దేశమే కదా సుంకం ఉండదులే అని చాలామంది అనుకొని ఉంటారు. ఒప్పందంలో దేశం పేరు ఉంటే చాలదు. ఆ సరుకు కోడ్ ఎదురుగా రాయితీ రాసి ఉండాలి.

మడిలో పండిన దానికి లెక్క తేలిక

మూలం తేల్చడానికి ఒప్పందాల్లో ఉండే మొదటి పద్ధతి "పూర్తిగా అక్కడే దొరికింది" అన్నది. పొలంలో పండిన పంట, గనిలో తవ్విన ఖనిజం, ఇక్కడే పుట్టి పెరిగిన పశువు దీని కిందికి వస్తాయి. మిర్యాలగూడ బియ్యం, అచ్చంపేట పల్లీ, కొల్లాపూర్ మామిడి, నల్గొండ బత్తాయి అన్నీ ఇందులోవే.

మిల్లర్లు అడిగే ప్రశ్నలకి ఇక్కడ సూటిగా జవాబులు దొరుకుతాయి. వడ్లు కొన్ని రాయచూరు నుంచి వచ్చాయి, ఫర్వాలేదా? ఫర్వాలేదు. సీఓఓలో మూలం అంటే దేశం. జిల్లా, రాష్ట్రం దానికి అక్కర్లేదు. విత్తనం కంపెనీ విదేశీది కదా? పంట ఇక్కడ పండింది కాబట్టి ఇక్కడిదే. గోనె సంచులు బంగ్లాదేశ్ జనుముతో చేసినవి కదా? రవాణా కోసం కట్టే సంచులు, పెట్టెల మూలం చూడరు. కిలో, రెండు కిలోల రిటైల్ ప్యాకెట్ల విషయం కాస్త వేరు. శాతాల లెక్క ఉన్నచోట, సరుకుతో పాటు అమ్ముడుపోయే ప్యాకింగ్ విలువను కూడా కలుపుతారు. పూర్తిగా ఇక్కడే పండిన బియ్యానికి ఆ బెడద లేదు.

ఇంత తేలికైన చోట కూడా పని ఆగిపోయే సందర్భం ఒకటుంది. మిర్యాలగూడ మిల్లర్ చాలాసార్లు తానే ఎగుమతి చేయడు, కాకినాడలోనో ముంబైలోనో ఉన్న మర్చంట్ ఎక్స్‌పోర్టర్‌కి అమ్ముతాడు. సీఓఓ తీసుకునేది ఆ ఎక్స్‌పోర్టరే. కానీ సరుకు తయారు చేసింది ఎవరని పోర్టల్ అడుగుతుంది. అప్పుడు మిల్లర్‌కి ఫోన్ వస్తుంది: "సార్, మీ లెటర్‌హెడ్ మీద తయారీదారు డిక్లరేషన్ ఒకటి స్కాన్ చేసి వాట్సాప్‌లో పెట్టండి, కంటెయినర్ రేపు ఎక్కుతోంది." ఏం సంతకం పెడుతున్నాడో చదవకుండానే పెట్టేస్తాడు. ఆ సంతకం విలువ ఎంతో ఈ వ్యాసం చివరికి వచ్చేసరికి తెలుస్తుంది.

పల్లీల దగ్గర ఇంకో కలగాపులగం. బూజు వల్ల పుట్టే అఫ్లాటాక్సిన్ విషం పరీక్ష రిపోర్టు, చీడపీడలు లేవని చెప్పే ఫైటోశానిటరీ సర్టిఫికెట్, సీఓఓ అన్నీ ఒకే ఫైల్‌లో వెళ్తాయి కాబట్టి అన్నీ ఒకటే అనుకుంటారు. సీఓఓ నాణ్యత గురించి ఒక్క ముక్క చెప్పదు. పుచ్చు పల్లీకి కూడా భారత మూలం ఉంటుంది.

పోచంపల్లి పట్టు: దారం చైనాది, నేత మనది

రెండో పద్ధతి, బయటి సరుకు కలిసినప్పుడు వాడేది. ఒప్పందాల్లో ఎక్కువ గొడవ ఇక్కడే. ఇందులో రెండు పరీక్షలుంటాయి.

ఒకటి కోడ్ మారడం. ప్రపంచంలో అమ్ముడయ్యే ప్రతి సరుకుకీ హెచ్‌ఎస్ కోడ్ అనే అంకె ఉంటుంది. మొదటి ఆరు అంకెలు అన్ని దేశాల్లోనూ ఒకటే. బయటి నుంచి వచ్చిన ముడిసరుకు కోడ్ ఒకటి, మనం తయారు చేసిన సరుకు కోడ్ ఇంకొకటి అయితే, ఇక్కడ అసలైన పని జరిగిందని ఒప్పుకుంటారు. కొన్ని ఒప్పందాలు నాలుగంకెల స్థాయిలో మార్పు అడుగుతాయి, కొన్ని ఆరంకెల స్థాయిలో. రెండోది విలువ జోడింపు. అంటే సరుకు ఓడ ఎక్కే ధరలో, ఎఫ్ఓబీలో, ఎంత శాతం ఇక్కడ చేరిందని చూస్తారు. 2010 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న ఆసియాన్ ఒప్పందంలో సాధారణ నియమం రెండూ కావాలంటుంది: 35 శాతం విలువ, దాంతో పాటు ఆరంకెల కోడ్ మార్పు. జపాన్, కొరియా ఒప్పందాల్లో సాధారణ నియమం కూడా దాదాపు ఇదే. శ్రీలంక ఒప్పందంలో 35 శాతంతో పాటు నాలుగంకెల మార్పు.

ఇప్పుడు ఒక ఇక్కత్ పట్టు చున్నీ థాయిలాండ్‌కి వెళ్తోందనుకుందాం. ఎఫ్ఓబీ ధర ₹4,000. ముడిపట్టు చైనా నుంచి వచ్చింది, దాని విలువ ₹900. రంగులు ఇక్కడివే, ₹100. చిటికి కట్టడం, అద్దకం, ఆసు పోయడం, పడుగు పట్టడం, నేత అన్నీ కలిపి కూలి ₹1,700. రవాణా, మాస్టర్ వీవర్ లాభం, ఎక్స్‌పోర్టర్ ఖర్చులు కలిపి ₹1,300.

కోడ్ సంగతి మొదట. ముడిపట్టు 5002, చున్నీ 6214. నాలుగంకెలే మారాయి, ఆరు చూడాల్సిన పని కూడా లేదు. ఇక విలువ. ఎఫ్ఓబీ లోంచి బయటి ముడిసరుకు తీసేయాలి: 4,000లో 900 పోతే 3,100. దాన్ని 4,000తో భాగిస్తే 77.5 శాతం. అడిగింది 35. చున్నీ భారత్‌దే.

దీంట్లో ఒక సుళువుంది, తెలియక చాలామంది వాడుకోరు. పైన చేసింది తీసివేత పద్ధతి. ఇందులో కూలికి రసీదు చూపించక్కర్లేదు, ఎఫ్ఓబీ, బయటి ముడిసరుకు విలువ తేలితే చాలు. కూడిక పద్ధతి కూడా ఉంది. అందులో ఇక్కడి ముడిసరుకు, కూలి, ఇతర ఖర్చులు, లాభం ఒక్కొక్కటీ రుజువు చేస్తూ పోవాలి. ఇంటి మగ్గాల మీద కుటుంబమంతా పనిచేసే పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం లాంటి చోట్ల కూలికి కాగితం ఎక్కడిది? ఆసు పోసే భార్యకి, కండెలు చుట్టే తల్లికి ఎవరు వోచర్ రాస్తారు? చింతకింది మల్లేశం ఆసు యంత్రం చేసింది ఆ ఇంటి కష్టం తగ్గించడానికే, ఆ కష్టానికి ఏ ఖాతాలోనూ పద్దు లేదు. తీసివేత పద్ధతి ఒప్పుకునే ఒప్పందమైతే ఈ తలనొప్పి ఉండదు.

అసలు తలనొప్పి దారం బిల్లు. మాస్టర్ వీవర్ కొనే పట్టు బెంగళూరు వ్యాపారి దగ్గర్నుంచి వస్తుంది. బిల్లు మీద బరువు, ధర, జీఎస్టీ ఉంటాయి, దేశం పేరు ఉండదు. కొంత కర్ణాటక పట్టు, కొంత చైనా పట్టు కలిసి ఉండొచ్చు. ఎంతెంతో ఎవరూ చెప్పలేరు. అప్పుడు చేయాల్సింది దాపరికం లేని లెక్క: మూలం తేలని దారమంతా బయటిదే అనుకోవాలి. అలా అనుకున్నా 77.5 శాతం దగ్గర ఉన్నాం. చేనేతలో పనితనం విలువ అంత ఎక్కువ. అబద్ధం ఆడాల్సిన అవసరమే లేని చోట "పూర్తిగా దేశీయ పట్టు" అని రాసి ఇరుక్కోవడం తెలివితక్కువ.

అదే పట్టు వియత్నాం నుంచి ఫారం ఏఐతో వచ్చిందనుకోండి, కథ ఇంకా మారుతుంది. వియత్నాం ఆసియాన్ దేశం. ఒప్పందంలోని దేశం పట్టుని మనం వాడితే దాన్ని మనదిగానే లెక్కేసుకోవచ్చు. దీన్ని క్యుములేషన్ అంటారు. చైనాకి ఆ వసతి లేదు.

గద్వాల చీరకి కోడ్ ఏది?

గద్వాల చీర ఒళ్లు నూలు, అంచు, కొంగు పట్టు, మధ్యలో జరీ. హెచ్‌ఎస్ పద్ధతిలో కలగలుపు బట్టలో ఏ దారం బరువు ఎక్కువైతే బట్ట ఆ దారపు అధ్యాయంలోకి వెళ్తుంది. చూసేవాడికి అది పట్టు చీర. త్రాసుకి మాత్రం చాలావాటిలో నూలే బరువు. కాబట్టి 50వ అధ్యాయం కాదు, 52. కొంగు భారీగా ఉంటే మళ్లీ తూకం వేయాల్సిందే. ఇన్వాయిస్ మీద "సిల్క్ శారీ" అని రాసి, షిప్పింగ్ బిల్లులో నూలు కోడ్ వేసి, సీఓఓలో ఇంకోటి పెడితే అక్కడి కస్టమ్స్ ఆఫీసర్‌కి ఆ మూడూ పక్కపక్కన కనిపిస్తాయి. సీఓఓలు తిరిగి రావడానికి కారణాల్లో మోసం కంటే ఇలాంటి కోడ్ తేడాలు చాలా మామూలు.

జీఐ ట్యాగ్ ఉంటే చాలదా?

మన ప్రాంతంలో ఇది తప్పక వచ్చే ప్రశ్న. పోచంపల్లి ఇక్కత్, గద్వాల, నారాయణపేట చీరలకి జీఐ ఉంది. పుట్టపాక తేలియా రుమాలుకి 2020లో వచ్చింది. జీఐ అంటే ఫలానా ప్రాంతం పేరు ఎవరు వాడుకోవచ్చో చెప్పే హక్కు. సీఓఓ అంటే ఫలానా దేశం సరుకు అని సుంకం కోసం ఇచ్చే రుజువు. ఒకటి ఉంటే రెండోది వచ్చినట్టు కాదు.

ఇందులో నేతన్నకి మింగుడుపడని విషయం ఒకటుంది. ఇక్కత్ డిజైన్‌ని మిల్లు బట్ట మీద ప్రింట్ కొట్టి అమ్మితే దానికీ భారత మూలం సీఓఓ వస్తుంది. బట్ట నేసింది మన దేశంలోనే కదా. చేతిమగ్గమా, పవర్‌లూమా అన్నది మూలం నియమాలకి పట్టదు. మగ్గం మీద ఆరు రోజులు కూర్చున్నవాడికీ, ప్రింటు మెషీన్ దగ్గర నిలబడ్డవాడికీ సీఓఓ ఒకటే. ఆ తేడా చూపించడానికి జీఐ, హ్యాండ్‌లూమ్ మార్క్ ఉన్నాయి. కొనేవాడు వాటికి ఎక్కువ ధర ఇస్తే ఇస్తాడు, కస్టమ్స్ ఆఫీసర్ మాత్రం సుంకం తగ్గించడు.

చౌటుప్పల్ చిక్కు: మందు మారింది, అంకె మారలేదు

చౌటుప్పల్ చుట్టుపక్కల బల్క్ డ్రగ్ (మాత్రల్లో వాడే అసలు మందు పదార్థం) యూనిట్లు, జడ్చర్ల దగ్గర పోలేపల్లి ప్రత్యేక ఆర్థిక మండలి, అంటే సెజ్‌లో మందుల ఫ్యాక్టరీలు ఉన్నాయి. ముడి రసాయనాలకి మన మందుల పరిశ్రమ చైనా మీద బాగా ఆధారపడి ఉందన్నది తెలిసిందే. ఇక్కడ శాతాల లెక్క కత్తి అంచు మీద నడుస్తుంది.

ఊహాత్మకంగా ఒక బల్క్ డ్రగ్ తీసుకుందాం. కిలో ఎఫ్ఓబీ ₹1,000, అందులో వాడిన చైనా ఇంటర్మీడియెట్, అంటే సగం తయారైన రసాయనం ₹620. ఇక్కడ చేరిన విలువ 38 శాతం. 35 అడిగే ఒప్పందంలో పాస్, 40 అడిగే చోట ఫెయిల్. ఆరు నెలల తర్వాత చైనా ధర ₹680 అయింది, పోటీ వల్ల మనం ధర పెంచలేకపోయాం. విలువ 32 శాతానికి పడింది. అదే ఫ్యాక్టరీ, అదే రియాక్టర్, అదే కెమిస్టు. ఈ బ్యాచ్ మాత్రం లెక్క ప్రకారం భారత్‌ది కాదు. డాలర్ పెరిగినా ఇలాంటి తేడాలు వస్తాయి. జనవరిలో తీసిన కాస్ట్ షీట్ జులైలో వాడకూడదని చెప్పేది ఇందుకే.

కోడ్ పరీక్ష ఇంకా విచిత్రం. అమాక్సిసిలిన్ తయారీకి 6-ఏపీఏ అనే పదార్థం కావాలి. దాన్ని రసాయన చర్యతో అమాక్సిసిలిన్‌గా మార్చడం నిజమైన తయారీ, ఎవరూ కాదనలేరు. కానీ హెచ్‌ఎస్ పుస్తకంలో పెన్సిలిన్లు, వాటి ఉత్పన్నాలు అన్నీ 2941.10 అనే ఒకే గూటిలో పెట్టారు. 6-ఏపీఏ కూడా అందులోనే, అమాక్సిసిలిన్ కూడా అందులోనే. ఆరంకెలు మారలేదు! సాధారణ నియమం ఒక్కటే వర్తించే చోట, చైనా 6-ఏపీఏతో ఇక్కడ చేసిన అమాక్సిసిలిన్ పౌడర్‌కి భారత మూలం దక్కదు. అదే పౌడర్‌ని క్యాప్సూల్‌లో నింపి మందుగా అమ్మితే కోడ్ 3004.10కి మారుతుంది, ఆ పరీక్ష దాటేస్తుంది. మందు పుట్టింది రియాక్టర్‌లో, మూలం పుట్టింది క్యాప్సూల్ మెషీన్ దగ్గర అన్నమాట. ఈ వింత తెలిసే కొన్ని ఒప్పందాల్లో రసాయన చర్య జరిగితే చాలని విడిగా నియమం పెట్టుకుంటారు. ఉత్పత్తిని బట్టి కేంద్రం ప్రోత్సాహకం ఇచ్చే పీఎల్ఐ పథకం కింద కాకినాడ వైపు పెన్సిలిన్-జి ప్లాంటు వచ్చింది. 6-ఏపీఏ కూడా దేశంలోనే దొరికితే లెక్క మళ్లీ మొదటికొస్తుంది, అప్పుడు అది బయటి ముడిసరుకే కాదు.

దారి, బిల్లు

సరుకు మనదని తేలాక కూడా రెండు చోట్ల జారిపోవచ్చు. ఒకటి దారి. మూలం ఉన్న దేశం నుంచి కొనే దేశానికి నేరుగా వెళ్లాలన్నది నియమం. కొలంబోలోనో సింగపూర్‌లోనో ఓడ మారితే తప్పు లేదు, అక్కడ కస్టమ్స్ అదుపులోనే ఉండి, పెట్టె విప్పి ఏ పనీ చేయకపోతే చాలు. ఓడ కంపెనీ ఇచ్చే సరుకు రసీదు, బిల్ ఆఫ్ లేడింగ్, ఆ దారంతా చూపించాలి. రెండోది ఇన్వాయిస్. పల్లీలు ఇండోనేషియాకి నేరుగా వెళ్తాయి, బిల్లు మాత్రం దుబాయ్ ట్రేడర్ పేరున ఉంటుంది. ఆసియాన్ ఒప్పందం దీన్ని ఒప్పుకుంటుంది, ఫారం ఏఐలో థర్డ్ కంట్రీ ఇన్వాయిసింగ్ గడిలో టిక్ పెట్టాలి. ఆ ఒక్క టిక్ మర్చిపోతే కంటెయినర్ రేవులో కూర్చుంటుంది, రోజుకింత డెమరేజ్ కడుతూ.

ఓడ వెళ్లిపోయాక సీఓఓ తీసుకోవచ్చా? ఆసియాన్‌లో షిప్‌మెంట్ తేదీ నుంచి పన్నెండు నెలల్లోపు తర్వాత జారీ చేసినట్టు ముద్రతో ఇస్తారు. కొనేవాడు అందాకా ఆగుతాడా అన్నది వేరే విషయం.

ఎవరిస్తారు? మన మాట మనమే ఇస్తే చాలదా?

ప్రిఫరెన్షియల్ సీఓఓలను డీజీఎఫ్‌టీ ప్రాంతీయ కార్యాలయాలు, ఎగుమతి తనిఖీ ఏజెన్సీలు, టెక్స్‌టైల్స్ కమిటీ, స్పైసెస్ బోర్డు లాంటి సంస్థలు ఇస్తాయి. సెజ్ యూనిట్లకి డెవలప్‌మెంట్ కమిషనర్ ఆఫీసు ఉంది. దరఖాస్తంతా ఆన్‌లైన్‌లోనే, డిజిటల్ సంతకంతో. హైదరాబాద్ తిరిగే పని బాగా తగ్గింది. కానీ పోర్టల్ అడిగే కాస్ట్ షీట్ ఎవరు తయారు చేస్తారన్నది పాత ప్రశ్నే. క్లియరింగ్ ఏజెంట్‌కి ఫారం నింపడం వచ్చు, ఫ్యాక్టరీ లోపలి ఖర్చు అతనికెలా తెలుస్తుంది?

కొత్త ఒప్పందాలు ఇంకో దారి తెరిచాయి. అధికారి ముద్ర లేకుండా ఎక్స్‌పోర్టరే స్వయంగా "ఇది మా దేశం సరుకు" అని డిక్లరేషన్ ఇవ్వొచ్చు. బ్రిటన్ ఒప్పందంలో ఈ వీలుంది. ఇది మనకి పూర్తిగా కొత్తేమీ కాదు, యూరప్ జీఎస్పీ రాయితీకి 2017 నుంచే రెక్స్ పద్ధతిలో రిజిస్టరైన ఎగుమతిదారులు సొంత డిక్లరేషనే ఇస్తూ వస్తున్నారు. 6,000 యూరోల లోపు సరుకుకి ఆ రిజిస్ట్రేషన్ కూడా అక్కర్లేదు.

బ్రిటన్‌లో బట్టలపై 12 శాతం దాకా ఉండే సుంకం ఈ ఒప్పందం కింద సున్నా అంటే నేత, గార్మెంట్ వాళ్లకి ఆశ పుట్టడం సహజం. సొంత డిక్లరేషన్ మంచిదనేవాళ్లు టైమ్, ఫీజు మిగులుతాయంటారు, చిన్న పార్సిళ్లు పంపే నేతన్నల సంఘాలకి ఇదే సరైన దారి అంటారు. వద్దనేవాళ్ల భయం కూడా తీసిపారేయలేం. అధికారి ముద్ర ఉంటే, పంపేముందే ఎవరో ఒకరు లెక్క చూసినట్టు. డిక్లరేషన్‌లో ఆ వడపోత లేదు, తప్పు బయటపడేది రెండేళ్ల తర్వాతే. నా అంచనాలో చిన్నవాళ్లకి డిక్లరేషన్ వల్ల రోజువారీ పని తగ్గుతుంది, రిస్కు పెరుగుతుంది.

నియమాలు బిగించాలా, వదలాలా?

ఇదే కత్తి మనవైపు కూడా తిరుగుతుంది. శ్రీలంకతో ఒప్పందం అమలైన కొత్తల్లో, అక్కడి ఫ్యాక్టరీలు బయటి నుంచి పామాయిల్ తెచ్చుకుని వనస్పతిగా మార్చి సుంకం లేకుండా మనకి పంపాయి. మన వనస్పతి పరిశ్రమ గగ్గోలు పెట్టింది. మూడో దేశం సరుకు ఒప్పందం తలుపులోంచి దూరకుండా చూడటానికే 2020 సెప్టెంబరు 21 నుంచి కారోటార్ నియమాలు వచ్చాయి. వాటి ప్రకారం మన దిగుమతిదారు విదేశీ సీఓఓ చేతిలో ఉందని ఊరుకుంటే సరిపోదు, ఆ సరుకు అక్కడ ఎలా తయారైందో సమాచారం సంపాదించి ఐదేళ్లు దాచుకోవాలి. విదేశీ సప్లయర్ తన కాస్ట్ షీట్ మాకెందుకు చూపిస్తాడని దిగుమతిదారులు వాపోతారు. దేశీయ పరిశ్రమ మాత్రం ఇవి లేకపోతే ఒప్పందాలకి అర్థమే లేదంటుంది. రెండు మాటల్లోనూ నిజముంది.

పత్తి రైతు వైపు నుంచి చూస్తే ఇంకో కోణం. ఆస్ట్రేలియా ఒప్పందం కింద ఏటా 51,000 టన్నుల పత్తి సుంకం లేకుండా వస్తుంది. 2025 ఆగస్టు 19 నుంచి ఆ ఏడాది చివరి దాకా కేంద్రం పత్తిపై 11 శాతం దిగుమతి సుంకాన్నే ఎత్తేసింది. ఆ పత్తితో ఇక్కడ నూలు వడికితే కోడ్ 5201 నుంచి 5205కి మారుతుంది, నూలు భారత్‌దవుతుంది. బట్ట మూలాన్ని నూలు దశ నుంచి లెక్కేసే ఒప్పందాల్లో ఆ నూలుతో నేసిన బట్టకి పూర్తి రాయితీ వస్తుంది. మిల్లులు, గార్మెంట్ ఎగుమతిదారులు ఇది న్యాయమే అంటారు: ముడిసరుకు చవగ్గా దొరికితేనే బంగ్లాదేశ్, వియత్నాంలతో పోటీ. నల్గొండ పత్తి రైతు అడిగేది వేరు: "భారత మూలం" అని రాసిన చొక్కాలో నా పత్తి ఎంత? నార నుంచే లెక్కేయాలని నియమం పెడితే అతనికి లాభం, కానీ ఆ నియమం అందుకోలేక రాయితీ వదులుకునే మిల్లులు పెరుగుతాయి. ఏ ఒప్పందంలో ఏ గీత గీశారన్నది చర్చల బల్ల దగ్గర ఎవరి గొంతు ఎంత వినబడిందన్నదాన్ని బట్టే ఉంటుంది.

ఏడాదో రెండేళ్లో తర్వాత వచ్చే ప్రశ్న

సరుకు అమ్ముడైపోయి, డబ్బు వచ్చేసి, అంతా మర్చిపోయాక కొనే దేశం కస్టమ్స్ నుంచి వెరిఫికేషన్ రావచ్చు: ఫలానా నంబరు సీఓఓ నిజమేనా, ఈ శాతం ఎలా వచ్చిందో చూపించండి అని. అది సీఓఓ ఇచ్చిన సంస్థకి వస్తుంది, ఆ సంస్థ ఎక్స్‌పోర్టర్‌ని అడుగుతుంది, ఎక్స్‌పోర్టర్ మిల్లర్‌ని, మాస్టర్ వీవర్‌ని అడుగుతాడు. వాట్సాప్‌లో పెట్టిన ఆ డిక్లరేషన్ అప్పుడు పైకి తేలుతుంది. దాని వెనక కొనుగోలు బిల్లులు, ఆ బ్యాచ్‌కి వాడిన ముడిసరుకు లెక్క, ఆ నెల కాస్ట్ షీట్ ఉంటే జవాబు రెండు పేజీల్లో అయిపోతుంది. గడువులోగా జవాబు వెళ్లకపోతే అక్కడి కస్టమ్స్ రాయితీని రద్దు చేసి, కొనేవాడి దగ్గర పూర్తి సుంకం వసూలు చేయొచ్చు. వడ్డీ, పెనాల్టీ కూడా పడొచ్చు. కొనేవాడు దాన్ని ఎవరి మీద వేస్తాడో కొనుగోలు ఆర్డర్ వెనక పేజీలో, సన్న అక్షరాల్లో, చాలాసార్లు ముందే రాసి ఉంటుంది.